మూడో అంతస్తు వచ్చింది, పోయింది

క్రిస్మస్ మర్నాడు, సోమవారం, పగలు పన్నెండుంబావు. గడియారం చూసి మరీ చెబుతున్నాను. ఆ రోజు నన్ను అరగంట గడువు పెట్టి పంపించారు. గడువు పెట్టినవాళ్లు మర్చిపోతారు గానీ పెట్టించుకున్నవాళ్లు మర్చిపోరు. నాలుగేళ్ల నాటి మాట ఇది. ఆ రోజుల్లో నాకు అరవై మూడేళ్లు. చిన్ననాటి ముచ్చట రాయమంటే అందరూ బడి ఎగ్గొట్టిన సంగతి రాస్తారు. నేను బడికి వెళ్లిందే యాభై తొమ్మిదో ఏట, అదీ గుంటూరులో మా వార్డు ఆఫీసులో సాయంత్రంపూట నడిపిన పెద్దల బడికి. అంటే అక్షరాల లెక్కన ఆ సోమవారం నాటికి నాకు నాలుగేళ్లు. ఇంగ్లీషు అక్షరాల లెక్కన చూస్తే ఇంకా పాలు మానని వయసు. ఆ వయసు పిల్ల ఏం చేస్తుందో నేనూ అదే చేశాను. కాబట్టి ఇది నా చిన్నతనం కథే. ఎవరూ అభ్యంతరం పెట్టకండి.

అక్షరాలు రాకముందే ఇంగ్లీషులో నాకు ఒక్క మాటతో ముఖపరిచయం ఉండేది. పాతికేళ్లు కర్రీ పాయింట్ నడిపినదాన్ని. పక్కనే ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, రోజూ అక్కడికి నేనే క్యారేజీలు మోసేదాన్ని. అక్కడ ఒక తలుపు మీద నలుగురు మనుషులు వరసగా ఉండేవాళ్లు: కాలు చాపుకుని కూర్చున్నవాడు, నిటారుగా నిలబడ్డవాడు, రెండు చేతులూ ఒకే పక్కకి చాపి అడుక్కునేవాడు, నెత్తిన గంప పెట్టుకున్నవాడు. ఈ నలుగురూ కనబడ్డారంటే మోకాళ్లకి సెలవు. లిఫ్ట్ అన్నమాట. తర్వాత అమెరికాలోని ప్లేనోకి, మా కూతురింటికి వచ్చాక, ఎనిమిదేళ్ల మనవరాలు నాకు ఇంగ్లీషు నేర్పుతూ (ఇంట్లో దాని పేరు పంతులమ్మ, తప్పు రాస్తే పెన్సిలుతో నా వేళ్ల కణుపుల మీద కొట్టేది) ఆ నలుగురి పేర్లూ ఎల్, ఐ, ఎఫ్, టి అని చెప్పింది. పాత చుట్టాలు దొరికినంత సంబరపడ్డాను. కానీ ఈ దేశంలో ఏ తలుపు మీదా వాళ్లు లేరు. ఎక్కడ చూసినా ఏదో పొడుగాటి మాట రాసి ఉండేది. సగం చదివేసరికి తలుపు మూసుకుపోయేది.

ఇక అసలు విషయం. మా అల్లుడిది కరీంనగర్ వైపు. బంగారంలాంటి మనిషి. కాకపోతే ఉచితం అనే మాట వినబడితే నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటాడు, అందుకే చాటున నేను ఆయన్ని ఫ్రీబాబు అంటాను. ఆ శీతాకాలం సెలవులకి అందరం కొలరాడో మంచు కొండలకి వెళ్దామన్నాడు. పద్నాలుగు గంటలు కార్‌లో కూర్చుని వెళ్లాక, కాళ్లకి చెక్కలు కట్టుకుని జారడానికి టికెట్ ఎంతో విని ఆయన ముఖం అక్కడి చెరువులాగే గడ్డకట్టింది. "కొండ మీంచి పడటానికి ఇంత తీసుకుంటారా? మేం చిన్నప్పుడు ఊరికే పడేవాళ్లం" అన్నాను నేను. ఆయన మాత్రం తగ్గలేదు. రాత్రంతా ఫోన్‌లో వెతికి, డబ్బు పడని వినోదాలన్నీ కాగితం మీద రాసుకొచ్చాడు. ఊళ్లో తిరిగే ఉచిత బస్సు ఎక్కి చివరి స్టాపుదాకా పోయి రావడం. పెద్ద హోటల్లో నిప్పుగూడు దగ్గర కూర్చోవడం (అందులో దిగినవాళ్లలా ముఖం పెట్టుకోవాలని బ్రాకెట్లో రాశాడు). గడ్డకట్టిన చెరువు మీద నడవడం. పిల్లలు జారే చిన్న దిబ్బ, అదీ ఉచితం. జారుడు పీటలు అద్దెకి తీసుకోవాలని తెలిసి, ఇంటి నుంచి రెండు ఖాళీ సోనామసూరి బియ్యం సంచులు తెచ్చాడు. నిజం చెప్పొద్దూ, అమెరికా పీటలకంటే మా బియ్యం సంచులే బాగా జారాయి. తెల్లపిల్లలు వరసకట్టి ఒక్కసారి ఇవ్వమని మా పంతులమ్మని బతిమాలుకున్నారు.

పన్నెండు దాటేసరికి అందరికీ ఆకలి. చూస్తే నేను పొద్దున్నే లేచి కలిపిన పులిహోర డబ్బా గదిలోనే ఉండిపోయింది. మా గది ఎదురుగా కనబడే ఎర్ర కప్పు బిల్డింగ్‌లో, మూడో అంతస్తు. కూతురు పొద్దున చెరువు మీద జారి మడమ బెణికించుకుంది. ఫ్రీబాబు సంచి మీద దిబ్బ దిగుతున్నాడు. "నేను తెస్తా" అన్నాను.

"వద్దమ్మా, ఎటో వెళ్లిపోతావ్."

"ఎటు పోతానే? కళ్లముందే ఉందిగా బిల్డింగు! నాకు చదువొచ్చు కూడాను."

"ఇక్కడ చదువు గురించి ఎందుకులే ఇప్పుడు" అంది, ముఖం తిప్పుకుని.

ఎందుకంటే అప్పటికి మూడు నెలలుగా మా ఇద్దరికీ పేచీ నడుస్తోంది. ప్లేనోలో మా ఇంటికి ఇరవై నిమిషాల నడక దూరంలో లైబ్రరీ ఉంది. అక్కడ వారానికి రెండు రోజులు పెద్దవాళ్లకి ఊరికే ఇంగ్లీషు నేర్పుతారు. నాకు వెళ్లాలని ప్రాణం కొట్టుకుపోయేది. వీళ్లిద్దరూ ఆఫీసుల్లో ఉంటారు, దింపేవాళ్లు లేరు. నడిచి వెళ్తానంటే ఆరు లైన్ల రోడ్డు దాటాలి, నువ్వొక్కదానివీ తప్పిపోతావు, వద్దంటే వద్దు అనేది. ఐదంతస్తులూ క్యారేజీలు మోసి దీన్ని ఇంజనీరింగ్ చదివించిన తల్లిని నేను. నన్ను రోడ్డు దాటనివ్వదట! అందుకే అక్కడికక్కడే పట్టుకున్నాను.

"అయితే పందెం. అరగంటలో పులిహోరతో వచ్చాననుకో, జనవరి నుంచి లైబ్రరీకి నేనొక్కదాన్నే పోతా. రాలేదనుకో, మళ్లీ ఆ ఊసెత్తితే ఒట్టు."

"డీల్!" అంది పంతులమ్మ, వాళ్లమ్మ నోరు తెరిచేలోపే. "అమ్మా, నువ్వు కూడా డీల్ అను. ఐ యామ్ ద జడ్జ్."

"సరే, డీల్. అరగంటే" అంది కూతురు. నా ఫోన్ పంతులమ్మ చేతిలో ఫొటోలకి ఉండిపోయింది. అడిగితే పరువు తక్కువని వదిలేశాను. గళ్ల చీర, దాని మీద అల్లుడి కోటు, నెత్తిన మంకీ క్యాప్, చేతిలో గది తాళం కార్డు. బయల్దేరాను.

వంద అడుగులు వేశానో లేదో, బాణం గుర్తుతో ఒక బోర్డు కనబడింది. దాని మీద ఎవరనుకున్నారు? కూర్చున్నవాడు, నిలబడ్డవాడు, అడుక్కునేవాడు, గంప మోసేవాడు. నలుగురికి నలుగురూ! నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకి ఈ దేశంలో సక్రమంగా రాయడం వచ్చినవాడు ఒకడు దొరికాడనుకున్నాను. బాణం వెంట వెళ్తే షెడ్డు, షెడ్డులో పెద్ద క్యూ. అందరి చేతుల్లోనూ చెక్కలు. పాపం వీళ్లందరూ మా బిల్డింగ్‌లోనే దిగినట్టున్నారు, భోజనానికి గదులకి వెళ్తున్నారు కాబోలనుకున్నాను. అద్దాల గదిలాంటి డబ్బాలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, అచ్చం లిఫ్టే. ఒక్కటే తేడా, మన లిఫ్ట్ మనిషి ఎక్కేదాకా ఆగుతుంది. ఇది ఆగకుండా బస్టాండులో సిటీ బస్సులా పాకుతూనే ఉంది.

ఎర్ర జాకెట్ కుర్రాడు అడిగాడు, "హౌ మెనీ?"

ఎన్నో అంతస్తని అడుగుతున్నాడనుకుని మూడు వేళ్లు చూపించాను. "త్రీ."

"త్రీ! ఓకే!" అని వాడు నా వెనకున్న ముసలి దంపతులని కూడా నాతో కలిపి లోపలికి తోసేశాడు. ముగ్గురం అయ్యాం. తలుపు మూసుకుంది.

నేను ముందు చేసిన పని మీట కోసం వెతకడం. గోడకి లేదు, తలుపుకి లేదు, సీటు కింద వంగి చూశాను, అక్కడా లేదు. ఇంతలో డబ్బా ఒక్క ఊపు ఊగి గాల్లోకి లేచింది. కింద నేల లేదు, పైన ఒక ఇనుపతాడుకి వేలాడుతున్నాం. ఎర్ర కప్పు బిల్డింగ్ మా వైపు నడిచొస్తోంది. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు... మూడో అంతస్తు వరండాలో పొద్దున నేను ఆరేసిన నా ఊదారంగు లంగా కర్రలా బిగుసుకుని కనబడింది. అంటే మా గదే! "స్టాప్! స్టాప్! మై హౌస్!" అని అద్దం మీద కొట్టాను. మా మూడో అంతస్తు వచ్చింది, పోయింది. కప్పు కూడా పోయింది. ఇక పైన దేవుడు ఒక్కడే ఉన్నాడు.

దొరసాని నా చెయ్యి పట్టుకుంది. "ఫస్ట్ టైమ్?" అంది జాలిగా.

"నో. థర్డ్ ఫ్లోర్."

"ఓ, థర్డ్ టైమ్!" అని మొగుడి వైపు తిరిగి ఏదో చెప్పింది. ఆయన నా మంకీ క్యాప్‌ని, చీరని చూసి గౌరవంగా తలూపాడు. మూడోసారి వస్తున్న పెద్ద జారుడుగత్తెననుకున్నారు. పావుగంటసేపు అలా గౌరవాన్ని భరించాను. కింద చెట్లన్నీ పిండి జల్లిన జంతికల్లా ఉన్నాయి. దిబ్బ మీద మావాళ్లు మినపగింజలంత కూడా లేరు. అందులో ఒక గింజ గడియారం చూసుకుంటోందని నాకు తెలుసు.

పైన దిగాను. అంతా తెలుపు. నాకు కొండ మీద భయం లేదు, చలి మీద భయం లేదు. లైబ్రరీ పోయిందే అన్నదొక్కటే బాధ. దిగడానికి టికెట్ అడిగితే ఏం చెయ్యాలో కూడా తెలియదు, చేతిలో తాళం కార్డు తప్ప పైసా లేదు. అక్కడున్న అమ్మాయిని "డౌన్, మనీ?" అని అడిగాను. ఆ పిల్ల నా బూట్లకేసి చూసి నవ్వి, పక్కనున్న బోర్డు చూపించింది. కూడబలుక్కుని చదివాను. ఎఫ్, ఆర్, ఈ, ఇంకో ఈ. ఫ్రీ! నడిచే మనుషులకి ఎక్కడం, దిగడం రెండూ ఉచితమట. నాకు వెంటనే అల్లుడు గుర్తొచ్చాడు.

కిందకి దిగాక ఈసారి పాత చుట్టాలని నమ్మలేదు. ఎర్ర కప్పు బిల్డింగ్‌లోకి వెళ్లి, గోడలన్నీ చూసుకుంటూ నడిచాను. ఆ పొడుగాటి మాట కనబడింది. మొదటి అక్షరం పంతులమ్మ నేర్పిన ఏనుగు అక్షరం, ఈ ఫర్ ఎలిఫెంట్. రెండోదీ ఏనుగు వరసే. ఏనుగో కాదో తర్వాత చూద్దామని చివరిదాకా నిలబడి చదివాను. ఎ, లి, వే, ట, ర్. ఒకసారి తలుపు తెరుచుకుని మూసుకుంది, పోనిచ్చాను. పూర్తిగా చదివాకే ఎక్కాను. లోపల మీటలున్నాయి. ఆ మూడో నంబరు మీటని ఎంత ఆప్యాయంగా నొక్కానో చెప్పలేను.

డబ్బాతో దిబ్బ దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటా పది. కూతురు కుంటుకుంటూ ఎదురొచ్చింది. ముక్కు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కడికి పోయావమ్మా? ఆయన గది దాకా వెళ్లొచ్చాడు, నువ్వు లేవు! పోలీసుకి ఫోన్ చేద్దామనుకుంటున్నాం!"

లిఫ్ట్ దగ్గర క్యూ ఉందే అని చెబితే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నోటిదాకా వచ్చింది. కానీ చదువుకున్నదాన్ని అని పందెం కట్టి, చదువు దగ్గర బొంకడం ఏం బాగుంటుంది? "కొండ మీదికి పోయొచ్చా" అన్నాను. మొత్తం చెప్పాను, సీటు కింద మీట వెతకడంతో సహా.

"ఏందీ? గా డబ్బాలు ఫ్రీనా అత్తమ్మా?" అన్నాడు ఫ్రీబాబు. నేను తప్పిపోయిన బాధకంటే ఆ కేకలో బాధ ఎక్కువుంది. "రెండు దినాలసంది గిక్కడ్నే ఉన్నం! నా లిస్టుల లేకపాయె!"

"అరగంటన్నాను, యాభై ఐదు నిమిషాలు" అంది కూతురు. "ఓడిపోయావమ్మా."

జడ్జిగారు మంచు దులుపుకుని లేచారు. "అమ్మమ్మ ఓడిపోయింది. కానీ అమ్మమ్మ రాంగ్ చదవలేదు. దేర్, ఎల్, ఐ, ఎఫ్, టి అనే ఉంది. మళ్లీ చదువుకుని వచ్చేసింది. ఒక్కతే."

"దారెవరు చెప్పారు నీకు?" అని అడిగింది కూతురు నన్ను, కొంచెం మెల్లగా.

"ఎవరూ చెప్పలా. రాసుందిగా."

అది నా చేతిలోంచి పులిహోర డబ్బా అందుకుంది.

ఆ మధ్యాహ్నం ఫ్రీబాబు మా అందరినీ ఆ డబ్బాలో మూడుసార్లు తిప్పాడు, పోగొట్టుకున్న రెండు రోజులూ రాబట్టుకోవాలన్నట్టు. పులిహోర అందులోనే తిన్నాం. మూడోసారి మా మూడో అంతస్తు పక్కగా పోతుంటే కూతురు కిటికీలోంచి చూసి, "అమ్మా, ఆ లంగా నీదేనా?" అంది. అవునన్నాను. నవ్వడం మొదలుపెట్టింది. మడమ నొప్పి మర్చిపోయి, మెతుకులు పొలమారేదాకా నవ్వింది. కళ్లు తుడుచుకుని, నా వైపు చూడకుండా, కొండకేసి చూస్తూ అంది: "జనవరిలో మన దగ్గర కూడా పొద్దున్నే చలిగానే ఉంటుంది. నడిచి వెళ్లేటప్పుడు ఆ మంకీ క్యాప్ పెట్టుకో. ఫోన్ మర్చిపోకు."

ఇప్పుడు లైబ్రరీలో కొత్తగా చేరినవాళ్లకి అక్షరాలు దిద్దించేది నేనే. ఏ బోర్డయినా చూడగానే అర్థమైపోతుంది. బాగానే ఉంది గానీ ఒక్క వెలితి. అన్నీ అర్థమైపోయాక ఇక పొరపాటున కొండెక్కడం కుదరదు. ఇప్పటికీ లిఫ్ట్ ఎక్కితే, తలుపు మూసుకున్న ఆ ఒక్క క్షణం మీట నొక్కకుండా ఆగుతాను, పైకి పోతుందేమోనని.

ఆ రోజు అక్కడున్నవాళ్లం: బెణికిన మడమతో నా కూతురు, బియ్యం సంచితో నా అల్లుడు ఫ్రీబాబు, పెన్సిలు లేకుండానే తీర్పు చెప్పిన పంతులమ్మ, నా చెయ్యి వదలని దొరసాని, ఆవిడ మొగుడు, మూడంటే ముగ్గురనుకున్న ఎర్ర జాకెట్ కుర్రాడు, బోర్డు చూపించిన పిల్ల. ఇంకా, సీటు కింద వంగి మీట వెతుక్కుంటున్న నాలుగేళ్ల పిల్ల ఒకతి.