పిట్టగోడ మీది చెంబు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. అది ఎంత నిజమో ఒక్క సాయంత్రంలో మా ఇంటిల్లిపాదికీ తెలిసింది. అప్పటికి నాకు పదేళ్లు. బస్తరు ఇంకా రాజుగారి ఏలుబడిలో ఉంది. ఎర్రబోరు దగ్గర మాకు సేద్యం.

ఆ ఏడు శబరి అవతలి నుంచి డేరా సినిమా వాళ్లు సామాను పడవ మీద దాటించుకుని దోర్నపాల్ అంగడికి వచ్చారు. తెలుగు బొమ్మ అని దండోరా వేయించి తమిళ బొమ్మ ఆడించారు. ఎవరూ గొడవ చేయలేదు. మేం తెలుగువాళ్లం, పక్కన కోయల్లో ఒక తెగ అయిన దోర్లవాళ్లు, ముందు హల్బీ మాట్లాడేవాళ్లు. ఏ భాషలో ఆడించినా సగం మందికి రానిదే. నాయన, అమ్మ, అక్క, నేను ఒకే చాప మీద కూర్చున్నాం.

ఆ బొమ్మలో మాటలు బహు తక్కువ. ఒక పిల్ల రోజూ ఇంటి ముందు పిట్టగోడ మీద చెంబుతో నీళ్లు పెడుతుంది. టపా మోసే అతను దారిన పోతూ ఆగి తాగుతాడు, చెంబు బోర్లించి వెళ్లిపోతాడు. ఆమె వచ్చి, తడి ఆరకముందే ఆ చెంబును ఒకసారి చెంపకు ఆనించుకుంటుంది. అంతే. ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోనైనా చూసుకోరు. తర్వాత ఎన్నో సినిమాలు చూశాను, కొండలెక్కి పాడినవీ, గుండె బాదుకుని ఏడ్చినవీ. ప్రేమంటే ఇదీ అని నాకు అనిపించింది మాత్రం ఆ చెంబు దగ్గరే.

అతను తాగగానే నా పక్కనున్న దోర్ల ముసలమ్మ తల ఊపింది. "అయిపాయె. పెళ్లయినట్టే."

వాళ్లలో పిల్లను అడగడానికి కల్లు తీసుకుని పోతారు. పిల్ల తరఫువాళ్లు తాగితే మాట ఖాయమైనట్టు.

"ఏందవ్వా, నీళ్లు తాగితే పెళ్లా?" అని నాయన నవ్వాడు.

"ఎవలు పెట్టిండ్రు, ఎవలు తాగిండ్రు, గది సూడాలె. నీళ్లయితేంది, కల్లయితేంది?"

నాకు వెంటనే మా చేను గట్టు గుర్తొచ్చింది. "అయితే మా అక్కకు గూడ పెళ్లయినట్టే," అన్నాను. "అందరికి కుండలకెల్లి జావ పోస్తది. మన జీతగానికి మాత్రం ఇప్పచెట్టు కాడ సొరబుర్రల పెడ్తది. ఆయన తాగి పోయినంక ఆ బుర్రను గిట్లనే చెంపకు పెట్టుకుంటది." గొప్ప సంగతి కనిపెట్టినదానిలా గట్టిగానే అన్నాను.

నాయన నవ్వు ఆగిపోయింది. అక్క నా వైపు చూడలేదు. ఆమె చెయ్యి చీకట్లో నా చేతిని గట్టిగా పట్టుకుని, మళ్లీ వదిలేసింది.

"లెవ్వుండ్రి, పోదాం," అన్నాడు నాయన. బొమ్మ ఇంకా సగంలో ఉంది.

మా జీతగాడు దోర్ల పిల్లవాడు. మరునాడు పొద్దున్నే నాయన అతన్ని పనిలోంచి తీసేశాడు. భేజ్జి వైపు పోయాడని విన్నాం. నెల తిరగకముందే అక్కను శబరి అవతల మేనబావకిచ్చి చేశారు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నేను మాత్రం ఏళ్ల తరబడి తీసుకోవాలనే చూశాను. తప్పు నాదే అక్కా అని అనబోయినప్పుడల్లా ఆమె నాకేదో పని చెప్పేది.

మరుసటి ఏడు అదే డేరా, అదే బొమ్మ మళ్లీ వచ్చాయి. సిగ్గులేనిదాన్ని, అమ్మతో పోయి చివరిదాకా చూశాను. ఏడుస్తూనే చూశాను.

బావ పోయాక, మా ఇద్దరి తలలూ నెరిశాక, ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ అక్కే అడిగింది.

"ఆ బొమ్మ ఆఖరుకు ఏమైందే?"

"ఆయన పెండ్లాన్ని ఎంటబెట్టుకొని అదే దారిన వస్తడక్కా. ఈమె లోపలికి పోయి ఇంకో చెంబు తెస్తది. రెండు చెంబులు గోడ మీద పెడ్తది."

"తాగిండ్రా?"

"సూపియ్యలే. ఆడికే ఆపిండ్రు."

అక్క చేతిలోని గింజ తీసి పక్కన వేసింది. "మంచిగ ఆపిండ్రు," అంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"నువ్వు గూడ ఆ దినం గట్ల ఊకుంటే, నా బతుకు ఏరే ఉండేది గదనే."

ఆ మాట కోసం ఇన్నేళ్లూ కాచుకుని ఉన్నాను. తీరా ఆమె అన్నాక నాకు నోరు పెగల్లేదు.