పాప కోసం వచ్చినవాళ్లు

ఆసుపత్రి రక్తనిధిలో ఆమెను అందరూ సూదక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా అక్కడ టెక్నీషియను. సూది గుచ్చినట్టే తెలియదని దాతలు మెచ్చుకుంటే, "గుచ్చేముందు మీ ఆవిడ సంగతి అడుగుతాను కదండీ, ఆ బాధలో ఈ నొప్పి తెలీదు" అని నవ్వించేది. భర్త బస్సు డిపోలో మెకానిక్కు, కూతురు కాలేజీలో చదువుతోంది. ఇంట్లో మాత్రం ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. పగలంతా కొత్తవాళ్లకు ధైర్యం చెప్పీ చెప్పీ ఇంటికి చేరేసరికి నోరు మూతపడిపోయేది.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టగానే దోమల జ్వరం ఊరిమీద పడింది. వార్డుల్లో మంచాలు చాలక నేలమీద పరుపులు వేశారు. ఆ జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మరీ పడిపోతే లోపల ఎక్కడో ఒకచోట రక్తం కారడం మొదలవుతుంది. తీసిన ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు. కాబట్టి రోజూ ఎవరో ఒకరు వచ్చి, మిషను పక్కన కుర్చీలో గంటకు పైగా చెయ్యి చాపుకుని కూర్చోవలసిందే.

ఆ రోజుల్లోనే అందరి ఫోన్లలోకీ పాప ఫోటో వచ్చింది. నాలుగేళ్ల పిల్ల, పసుపు గౌను, ముక్కులో గొట్టం, అయినా కెమెరా వైపు చూసి నవ్వుతోంది. 'ఓ పాజిటివ్ వాళ్లు దయచేసి రండి, మా పాపను బతికించండి' అని కింద రాసి ఉంది. పెట్టింది తండ్రి. ఇళ్లకు టైల్స్ వేసే మేస్త్రీ. ఆదివారం పొద్దున తన ప్లేట్‌లెట్లు తనే ఇచ్చి, బయట బెంచీమీద కూర్చుని ఆ నాలుగు ముక్కలూ టైపు చేశాడు. సాయంత్రానికి లక్షల మంది చూశారు. ఎవరో దానికి ఏడుపు పాట కూడా జతచేశారు.

సోమవారం పొద్దున సూదక్క వచ్చేసరికి క్యూ గేటు దాటి రోడ్డుమీదికి వచ్చేసింది. రెండు వందల మందికి పైనే. ఉన్నవి రెండు మిషన్లు. పాపకు కావలసింది మొదట కూర్చున్న ఇద్దరి దగ్గరే తీశారు. మిగతావాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుంటూ పోతే ఆమె వేళ్లు కొంకర్లు పోయాయి. అయినా సంతోషంగానే ఉంది. "చూశావా, ఈ వారం గండం గట్టెక్కినట్టే" అంది ఆయాతో.

ఆయా అంటే రక్తనిధిలో నేల తుడిచే ఆవిడ. పదకొండేళ్ల స్నేహం. ఆయాకు నా అన్నవాళ్లు లేరు. ఆసుపత్రి వెనక గదిలో ఉండేది. ఆ రోజు మధ్యాహ్నం తుడుపుకర్ర గోడకు చేరేసి, "సూదక్కా, ఒళ్లు కాలిపోతోందే" అంది.

మంగళవారం మధ్యాహ్నం పాప చనిపోయింది.

బుధవారం కూడా జనం వచ్చారు. సూదక్క ఉన్నదున్నట్టు చెప్పింది. "పాప నిన్న పోయిందండీ. కానీ పైన ఇదే గ్రూపు వాళ్లు పద్నాలుగు మంది ఉన్నారు. వాళ్లకివ్వండి."

కొందరు అక్కడే ఏడ్చారు. కొందరు రక్తనిధి బోర్డు ఫోటో తీసుకున్నారు. ఒకాయన, "మళ్ళీ వస్తాంలెండి, ఇప్పుడు మనసు బాగోలేదు" అన్నాడు. రాసుకున్న నంబర్లకు ఫోన్లు చేస్తే, "పాపకేనా అమ్మా?" అనే మొదటి ప్రశ్న. కాదంటే ఆఫీసులో పని, ఊళ్లో లేము, రేపు చూద్దాం. ఆ ఒక్కరోజే అరవై మందిని అడిగింది. కూర్చున్నవాళ్లు నలుగురు.

పాప లేదని తండ్రి పెట్టిన మాటను ఎవరూ పట్టించుకోలేదు. నవ్వుతున్న ఫోటో మాత్రం చేతులు మారుతూనే ఉంది.

ఆ సాయంత్రం, లక్షన్నరకు పైన ఉండాల్సిన ఆయా ప్లేట్‌లెట్లు పదకొండు వేలకు దిగాయి. ఆమెదీ ఓ పాజిటివే. తనే ఇద్దామంటే సూదక్కది వేరే గ్రూపు, పైగా ఒంట్లో రక్తం తక్కువ. ఆయాకు ఫోటో అంటూ ఉన్నది గుర్తింపు కార్డుమీదిదొక్కటే. అది పెట్టి, పదకొండేళ్లుగా ఈ ఆసుపత్రి నేల తుడుస్తున్న మనిషి అని రాసింది. పొద్దుటికి పంతొమ్మిది మంది చూశారు. ఇద్దరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఒకరు, 'ఆ పసుపు గౌను పాపకి ఎలా ఉంది?' అని అడిగారు.

గురువారం మొట్టమొదట వచ్చినవాడు టైర్ల షాపు నడిపే ఆయన. రెండు గంటలు బండి తోలుకుంటూ వచ్చాడు. గోళ్ల నిండా నల్లటి మసి. సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు.

"పాప ఎలా ఉందమ్మా?"

సూదక్క అతని చేతికి పట్టీ కడుతోంది. నరం చక్కగా పైకి తేలింది. "పడుకోండి సార్. పిడికిలి బిగించండి."

"పాపకేగా?"

పైన ఆయా చిగుళ్లలోంచి రక్తం వస్తోందని అప్పుడే కబురు వచ్చింది. 

"పాపకే" అంది.

అతను కళ్లు మూసుకుని హాయిగా పడుకున్నాడు. ఆ రోజు అతనితో ఆమె ఒక్క హాస్యమూ ఆడలేదు. ఆ ప్లేట్‌లెట్ల సంచీ పట్టుకుని తనే మెట్లెక్కి ఆయా దగ్గరికి వెళ్లింది.

అబద్ధం మొదటిసారి గొంతుకు అడ్డం పడింది. పదోసారికి అలవాటైపోయింది. శనివారం సాయంత్రం దాకా ముప్పై ఆరు మంది కూర్చున్నారు. పద్నాలుగు మందిలో ఎనిమిది మంది తేరుకున్నారు. ఆయా లేచి కూర్చుని గంజి తాగింది. సూదక్కకు మాత్రం మూడు రోజులుగా అన్నం సయించలేదు. "ఏమైందే నీకు?" అని భర్త అడిగితే, "ఏం లేదు, పని" అంది.

టైర్ల ఆయన ఆ శనివారమే పాప క్షేమం కనుక్కుందామని పోస్టులోని నంబరుకు ఫోన్ చేశాడు. తండ్రి చెప్పాడు, మంగళవారమే పోయిందని. అతను ఇచ్చింది గురువారం.

షాపు ముందు నిలబడి వీడియో తీశాడు. అరవలేదు, తిట్టలేదు. "నా బిడ్డకి చెప్పానండీ, నాన్న ఒక పాపని బతికించాడని. ఇప్పుడు దానికి ఏమని చెప్పను?" అన్నాడు. అక్కడితో ఆపేశాడు. మిగతాది చూసినవాళ్లు కలిపారు. చచ్చిపోయిన పాపతో వ్యాపారం అన్నారొకరు. ముఠా అన్నారు ఇంకొకరు. ఆదివారం మధ్యాహ్నానికి సూదక్క ముఖం అందరి ఫోన్లలోనూ ఉంది. కూతురు కాలేజీ గ్రూపులోంచి తనంతట తనే బయటికి వచ్చేసింది.  గది తలుపు వేసుకుంది.

సోమవారం రక్తనిధి డాక్టరమ్మ పిలిచింది. "ఎందుకు చేశావు? నాకు చెప్పాల్సింది కదా."

"చెప్తే వద్దనేవారు మేడమ్."

"అనేదాన్నే మరి. రేపటినుంచి ఎవరొచ్చి చెయ్యి చాపుతారు మనకి?"

సూదక్క సస్పెన్షన్ కాగితం తీసుకుని బయటికి వచ్చింది. గేటు దగ్గర ఫోన్లు పట్టుకున్నవాళ్లు యాభై మంది ఉన్నారు. ఓ పాజిటివ్ వాళ్లు వాళ్లలో ఎందరో, ఒక్కరూ లోపలికి రాలేదు. రెండు కుర్చీలూ ఖాళీ. ఆయాకు ప్లేట్‌లెట్లు మళ్లీ పడిపోయాయి. తొమ్మిది వేలు.

వెనక గేటులోంచి మేస్త్రీ వచ్చాడు. గడ్డం మాసింది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. నువ్వూ వాటాదారువేనని పొద్దుటినుంచీ తిడుతున్నారట. 

"మా పాప పేరు చెప్పి తీసుకున్నారంట కదమ్మా."

"తీసుకున్నాను నాయనా."

"ఎంతమంది దగ్గర?"

"ముప్పై ఆరు."

అతను నేలకేసి చూశాడు. ఆమె తిడతాడనుకుంది, కొడతాడనీ అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనిపించింది.

"నన్నొక్క మాట అడగాల్సింది. పొమ్మనేవాణ్ణేమో. అయినా అడగాల్సింది" అన్నాడు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నేనిచ్చి ఎనిమిది రోజులైంది. మళ్ళీ తీసుకోవచ్చా?"

సూది పట్టుకునే హక్కు ఆమెకు లేదు. కొత్తగా చేరిన కుర్రాడెవరో గుచ్చితే నరం తప్పింది. రెండోసారికి దొరికింది. ఆమె గుమ్మం బయటే నిలబడి ఆ గంటంతా అతని చేతినే చూస్తూ ఉండిపోయింది.

ఆ సంచీ ఆయాకు ఎక్కింది. కానీ మర్నాడు తలలో రక్తస్రావమైంది. సూదక్క ఆయా చెయ్యి పట్టుకునే ఉంది. ఆయా ఆమెను గుర్తుపట్టలేదు. బుధవారం పొద్దున పోయింది. ఆయా కాక ఇంకా తేరుకోని అయిదుగురిలో ఆ వారం ఇంకో ఇద్దరు పోయారు. వాళ్ల గురించి ఎవరూ వీడియో తీయలేదు.

నెల తిరిగేసరికి జ్వరం తగ్గింది. ఫోన్లలో జనం ఇంకేదో గొడవ మాట్లాడుకుంటున్నారు. విచారణలో సూదక్క ఒక్క చుక్క కూడా అమ్మలేదని తేలింది. అయినా దాతలకు అబద్ధం చెప్పినందుకు ఆమెను పాత ఫైళ్ల గదికి మార్చారు. ఆ తేలిన సంగతి ఎవరి ఫోన్లోకీ రాలేదు.

ఒక సెలవురోజున బస్సెక్కి రెండు గంటలు ప్రయాణించి టైర్ల షాపుకు వెళ్లింది. అతను జాకీ ఎత్తుతున్నాడు. చూడగానే గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"క్షమించమనడానికి రాలేదు సార్. మీరిచ్చింది ఏమైందో చెప్పిపోదామని వచ్చాను."

"వీడియో ఎప్పుడో తీసేశానమ్మా" అన్నాడతను తడబడుతూ. "నేను తీసేస్తే ఏం లాభం, అందరి దగ్గరా ఉంది." కింద పడున్న రెంచి చేతిలోకి తీసుకున్నాడు. "నిజం చెప్పి అడిగుంటే ఇచ్చేవాణ్ణి."

"మీరొచ్చిన ముందురోజు అరవై మందిని అలాగే అడిగాను సార్."

అతను చేతిలోని రెంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవరికి ఎక్కించారు?"

"మా దగ్గర నేల తుడిచే ఆవిడకి. నాలుగు రోజులు కుదురుగా ఉంది. గంజి తాగింది. నాతో పోట్లాడింది కూడా, తుడుపుకర్ర ఎక్కడ పారేశావని."

"ఇప్పుడెలా ఉంది?"

సూదక్క తల అడ్డంగా ఊపింది.

అతను మోడా ఒకటి ముందుకు జరిపి, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. తిరుగు బస్సుకు టైమవుతోందని చెప్పి రోడ్డుమీదికి నడిచింది. బస్సు రావడానికి ఇంకా గంటన్నర ఉంది.