ఎర్ర చెవి ఉడుత ఎవరిది?

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు. హనుమకొండలో కోర్టుకు దగ్గరి సందులో, జిరాక్స్ షాపు పైన నా ఆఫీసు. మా దిక్కు లాయరంటే భూముల పంచాయతీలు, విడాకులు, చెక్ బౌన్సులు అనుకుంటారు. నేను పట్టుకున్నది ట్రేడ్‌మార్క్, కాపీరైట్ దారి. ఒకరి కారంపొడి ప్యాకెట్ మీది బొమ్మను ఇంకొకరు ఎత్తుకుపోతే నా దగ్గరికి వస్తారు. "ఇదీ ఒక ప్రాక్టీసేనా?" అని తోటి లాయర్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకునేదాన్ని. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ ఊరికే అనలేదు.

ఒక పగటిపూట కొత్తవాడ నుంచి విమల అనే ఆమె మెట్లెక్కి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. జంపఖానాలు నేసే ఇల్లు వాళ్లది. కూర్చోమన్నా కూర్చోకుండా ఫోను నా ముందు పెట్టింది.

"మేడం, మా ఉడుతను మేమే నేయొద్దంట. గిదేం ఇన్సాఫ్ మేడం?"

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మంచినీళ్లిచ్చి, మొదటి నుంచి చెప్పమన్నాను.

విమల ఏళ్ల కింద మగ్గం మీద ఒక ఉడుతను నేసింది. దాని పేరు చిక్కుడు. జంపఖానా మీద గుండ్రటి గీత రాదు. రంగు మారిన చోటల్లా అడ్డంగా నడిచే పేక నూలు వెనక్కి తిరగాలి కాబట్టి వంపు మెట్లు మెట్లుగా వస్తుంది. అందుకని చిక్కుడు తోక మేడమెట్ల లాగా పైకి లేచి ఉంటుంది. ఒక చెవి మట్టిరంగు, ఇంకో చెవి ఎరుపు. హైదరాబాదులో చేనేత ప్రదర్శన పెడితే, కార్టూన్లు తీసే ఒక చిన్న స్టూడియో వాళ్లు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఒప్పందం రాసుకుని ఒక షో తీశారు. అందులో చీమలు చిక్కుడు తోక మెట్లెక్కి చెట్టు మీదికి పోతుంటాయి. షో ఒక యాప్‌లో వచ్చింది, పిల్లలు ఎగబడ్డారు. దాంతో చిక్కుడు జంపఖానాలకు గిరాకీ మొదలైంది. విమల ఇంట్లోనే కాదు, పక్కిళ్ల మగ్గాల మీదా అదే ఉడుత.

అంతలో ఆ చిన్న స్టూడియోను ఒక పెద్ద కంపెనీ కొన్నది. ఆ పెద్దది పోయి దానికంటే పెద్దదానిలో కలిసింది. మెర్జర్ అంటే ఇదే, రెండు కంపెనీలు ఒకటైపోవడం. అట్లా ఒకటైనప్పుడు ఇద్దరి దగ్గరున్న షోల జాబితాలనూ కలుపుతారు, దాన్ని క్యాటలాగ్ అంటారు. కలిపేటప్పుడు చిన్నాచితకా షోలను తీసి పక్కన పడేస్తారు. చిక్కుడు షో అట్లాగే యాప్‌లోంచి మాయమైంది. అది చాలదన్నట్టు విమలకు నోటీసు. చిక్కుడు మా స్టూడియో సృష్టి, మెట్ల తోక, ఎర్ర చెవి మా ఆర్టిస్టు ఆలోచనలు, మీరు మా బొమ్మను కాపీ కొడుతున్నారు, వెంటనే నేయడం ఆపాలి. ఆమె ఆన్‌లైన్ దుకాణంలోని జంపఖానాలను అప్పటికే తీయించేశారు. దాన్ని టేక్‌డౌన్ అంటారు.

చదువుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లి దగ్గరికొచ్చి పిల్ల మాదేనన్నట్టుంది.

"కొత్తవాడల తల ఎత్తుక తిరగలేకపోతాన మేడం. దొంగబొమ్మ నేసిందట అని నలుగురు అనుకుంటాండ్రు. బొమ్మలు మస్తు నేస్త, గని ఇది నాది," అంది విమల. అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన మనిషి అక్కడికొచ్చేసరికి కళ్లొత్తుకుంది.

ఒప్పందం చూశాను. రెండు మాటలు మనకు కలిసొచ్చేవి ఉన్నాయి. స్టూడియోకు ఇచ్చింది తెర మీద చూపించే హక్కు మాత్రమే. దాన్ని ఇంకొకరి చేతికి మార్చాలంటే విమల ఒప్పుకోవాలి. కానీ ఒక తిరకాసుంది. అందులో "ఉడుత బొమ్మ" అని రాశారు తప్ప, ఏ ఉడుతో చూపించే ఫొటో లేదు. మీరిచ్చింది మామూలు ఉడుత, దాన్ని చిక్కుడుగా మలిచింది మేమే అని కొత్త కంపెనీ వాదన. స్టూడియో నడిపిన కుర్రాళ్లు మంచివాళ్లే గానీ, అమ్మకం కాగానే తలా ఒక దిక్కు పోయారు. ఫోన్లు ఎత్తరు.

మర్నాడు కొత్తవాడ పోయాను. విమల మామ మగ్గం దగ్గర కూర్చుని పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నాడు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసేయరు. పాత పోగుల కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటి మెలిపెట్టి అతుకుతారు. చూస్తూ నిలబడిపోయాను. పాత పోగు ఉన్న చోటే కొత్త పోగు. మెర్జర్ అంటే ఏమిటని జూనియర్లకు ఎన్నిసార్లు చెప్పానో, ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేదు.

"విమలా, షో రాకముందు అమ్మిన చిక్కుడు జంపఖానా బిల్లు ఏదైనా ఉందా?"

"బిల్లెక్కడిది మేడం? షో వచ్చినంకనే గద అమ్ముడు షురువైంది. అంతకుముందు ప్రదర్శనల ఉత్తగ చూపించినం."

"మరి మొట్టమొదట నేసింది? దాన్ని ఎవరు కొన్నారు?"

విమల నన్ను వింతగా చూసింది. "మొదటి పీసు అమ్ముతమా మేడం? కొత్త డిజైను మొదటిది ఆడబిడ్డది. ఇంటి ఆడపిల్లకు పెట్టినంకనే బయటికి నేస్తం. అది మా లక్ష్మికి పోయింది, నర్సంపేటకు."

"ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా తల్లీ!"

"మీరు అమ్మినయి అడిగిండ్రు. అది అమ్మలేదాయె."

నెత్తి కొట్టుకోవడమొకటే తక్కువ. అప్పటికప్పుడు కారు తీయించాను.

లక్ష్మి విమల భర్తకు చెల్లెలు. నర్సంపేటలో టైలరింగ్ షాపు. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. వదినెను చూడగానే కుట్టుమిషను వదిలేసి మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది. చాయ్ తాగాక బీరువాలోంచి జంపఖానా తీసి పరిచింది. రంగులు కొంచెం వెలిసినా మెట్ల తోక, ఎర్ర చెవి అట్లాగే ఉన్నాయి.

"దీన్ని కొన్ని రోజులు నాకివ్వు చెల్లె, మళ్లీ తెచ్చిస్తాను," అన్నాను.

"ఇయ్య," అంది లక్ష్మి. "పుట్టింటి మొదటి పీసు గడప దాటనియ్య. కావాలంటే నేనే ఎత్తుకొని ఒస్త."

"సరే, నువ్వే తీసుకురా. కానీ ఇది షో కంటే ముందుదని ఎట్లా నమ్మించాలి?"

"దానికేం ఫికర్? మా పాప పుట్టెంటికలు దీని మీదనే తీసినం. వీడియో ఉన్నది."

పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టింది. మేనమామ ఒడిలో లక్ష్మి కూతురు, గుండు గీస్తున్న మంగలి, వాళ్ల కింద చిక్కుడు. మూలకు తారీఖు. స్టూడియో పుట్టడానికి చాలా ముందు. ఆ పాప ఏడుపు ఇల్లెగిరిపోయేలా ఉంటే సౌండ్ మొత్తం తగ్గించి, బొమ్మ వరకే ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకున్నాను. వచ్చేటప్పుడు దారంతా మురిసిపోతూనే ఉన్నాను.

ఇట్లాంటి కేసుల్లో కోర్టుకు ఎక్కేముందు ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి ఉంది. మీడియేషన్ అంటారు. హనుమకొండ కోర్టు ఆవరణలోనే జరిగింది. అవతలి నుంచి హైదరాబాదు కుర్ర లాయరు ఒకతను, కంపెనీ ఆఫీసరు ఒకాయన వచ్చారు. మర్యాదస్తులే. ఇటు నేను, విమల, చంకలో చుట్ట చుట్టిన జంపఖానాతో లక్ష్మి.

"మెర్జర్‌తో స్టూడియో ఆస్తులన్నీ మా క్లయింటుకు వచ్చాయండీ. చిక్కుడు కూడా వచ్చింది," అన్నాడు లాయరు.

"బాబూ, మగ్గం మీద పడుగు అతకడం ఎప్పుడైనా చూశావా? పాత పోగు ఉన్నచోటే కొత్త పోగు అతుకుతారు. మీ స్టూడియో చేతిలో లేని పోగు మీ చేతికి ఎట్లా వస్తుంది? వాళ్లకున్నది తెర హక్కు. అది కూడా ఈమె ఒప్పుకుంటేనే మీకు వస్తుంది."

"ఒప్పందంలో ఉన్న ఉడుత వేరే మేడం. ఎర్ర చెవి మా ఆర్టిస్టు ఆలోచన. కాదంటే చూపించండి."

లక్ష్మి లేచి జంపఖానా విదిలించి గది మధ్యలో పరిచింది. ఆఫీసరు దగ్గరగా చూద్దామని అడుగు ముందుకేశాడు.

"ఆగుండి సారూ! చెప్పులిడువుండి!"

ఆయన బిత్తరపోయి బూట్లు విప్పాడు. సాక్సులోంచి బొటనవేలు తొంగి చూస్తోంది. మీడియేటరు నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. నేను వీడియో పెట్టాను, సౌండ్ తగ్గించే.

"సౌండు పెంచుండి మేడం," అంది లక్ష్మి.

"పాప ఏడుపు వద్దులే లక్ష్మీ."

"ఏడుపు కాదు, నా మాట ఇనిపియ్యుండి!"

పెంచాను. డోలు, ఏడుపు, వాటి మీదుగా లక్ష్మి గొంతు ఖంగున మోగింది. "ఏంది వదినె, ఒక చెవి ఎర్రగ, ఒక చెవి గట్ల! అందరు నవ్వుతాండ్రు!" వెంటనే విమల గొంతు, బతిమాలుతూ. "మట్టిరంగు నూలు అయిపోయింది లక్ష్మీ. రంగేసే అద్దకపాయన లేడు. అంచుకు తెచ్చిన ఎర్ర నూలు పెట్టి ముగించిన. ఈసారికి సర్దుకో, జర!"

నేనే నోరెళ్లబెట్టాను. ఆ మాట నాకూ కొత్తదే.

"నూలు అయిపోతే ఎర్రగైంది సారూ," అంది లక్ష్మి, నడుము మీద చెయ్యేసుకుని. "అలిగి అన్నం గూడ తినలే ఆ రోజు. మీ ఆర్టిస్టు ఆలోచనంట, ఆలోచన!"

గదిలో ఒక్కసారిగా నవ్వులు. కుర్ర లాయరు కూడా నవ్వాడు, పాపం. ఇద్దరూ బయటికి పోయి ఫోనులో మాట్లాడి వచ్చారు. ఆఫీసరు జంపఖానాకు అవతలే ఆగి, విమలకు దండం పెట్టాడు.

"అమ్మా, చిక్కుడు మీదే. మీరు నేసుకోండి, ఎవరూ అడ్డురారు. షో మళ్లీ చూపించాలంటే మీ అనుమతి కావాలి. ఇస్తారా?"

విమల నా వైపు చూసింది. నీ ఇష్టమన్నట్టు తలూపాను. ఆమె కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఇస్త సారూ. గని షోను మళ్ల యాప్‌ల పెట్టాలె, పిల్లలు అడుగుతాండ్రు. ఇంకోటి. షో షురువైనప్పుడు నా పేరు పడాలె. మా కొత్తవాడ పేరు గూడ పడాలె."

రెండింటికీ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. బయటికి రాగానే లక్ష్మి ఒక్క ఈల వేసింది. కోర్టు ముందర నల్లకోట్లన్నీ తిరిగి చూశాయి. నాకూ వేయాలనిపించింది గానీ ఈల రాదు.

షో తిరిగి వచ్చిన రోజు కొత్తవాడ సందులో టీవీ బయటపెట్టారు. మగ్గాలు ఆపి అందరూ వచ్చారు. చిక్కుడు తోక మీద చీమలు ఎక్కుతుండగా అక్షరాలు పడ్డాయి: సృష్టి, విమల, కొత్తవాడ. పిల్లలు చప్పట్లు కొట్టారు. విమల మామ లేచి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇంకోసారి పెట్టమన్నాడు. దొంగబొమ్మ అన్న నోళ్లే ఆ సాయంత్రం విమలకు మిఠాయి తినిపించాయి.

ఈ కేసు నాకు ఒక ప్రశ్న నేర్పింది. పెద్ద చేప చిన్న చేపను మింగిందని భయపడుతూ వచ్చే ప్రతి క్లయింటునూ ఇప్పుడు ముందు అదే అడుగుతాను. మొట్టమొదటిది ఎవరింట్లో ఉంది?

కొన్నాళ్లకు విమల మళ్లీ మెట్లెక్కి వచ్చింది, లక్ష్మిని వెంటేసుకుని. చుట్ట విప్పింది. కొత్త డిజైను. చిక్కుడే, కానీ ఒంటి మీద నల్లకోటు, మెడలో తెల్ల బ్యాండ్. ఎర్ర చెవి మాత్రం అట్లాగే.

"బాగుందే! ఎంతకు అమ్ముతున్నావు?" అన్నాను.

"అమ్ముతమా? మొదటి పీసు అక్కా ఇది," అంది విమల. నన్ను మేడం అనకపోవడం అదే మొదలు.

లక్ష్మి వైపు చూశాను. "మరి ఇది నీదే కదా?"

"నాకొకటి ఉన్నది గద," అంది లక్ష్మి. "ఆడబిడ్డ ఒక్కతే ఉండాల్నని ఏమన్న ఉన్నదా? పట్టుకో అక్కా, మల్ల నేనలిగిన్నంటే బాగుండది!"

ఆ రోజు నేను కళ్లనీళ్లు పెట్టుకున్నానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఆ జంపఖానా ఇప్పుడు నా టేబుల్ ముందు పరిచి ఉంటుంది. జిల్లా జడ్జిగారు వచ్చినా, హైదరాబాదు నుంచి ఎంత పెద్ద కంపెనీ లాయరు వచ్చినా, గుమ్మం దగ్గరే నా మాట వినబడుతుంది.

"ఆగండి సార్, చెప్పులు విడవండి. ఇది మా పుట్టింటి మొదటి పీసు."