మస్కట్ మీదుగా చింపాంజీల అడవికి

జగిత్యాల గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ఉండేది. మొదటి పేజీలు లేవు కాబట్టి దాని పేరేమిటో, ఎవరు రాశారో నాకు తెలియలేదు. ఇంటర్ చదివే రోజుల్లో కోరుట్ల బస్సుకు ఇంకా టైముంటే అక్కడ కూర్చుని చదివేదాన్ని. అందులో ఆఫ్రికా అడవుల్లోని చింపాంజీల గురించి ఒక అధ్యాయం ఉంది. ఒక ఫోటోలో ఆడ చింపాంజీ చెదపుట్ట ముందు కూర్చుని, గడ్డిపుల్లను బొక్కలోకి దూర్చి, దాన్ని పట్టుకుని పైకొచ్చిన చెదలను పెదాలతో అందుకుంటోంది. పక్కన పిల్ల చూస్తోంది. తల్లికి తొందర లేదు, పిల్లకూ లేదు. ఆ అధ్యాయమంతా కొంచెం కొంచెంగా నా డైరీలోకి ఎక్కించుకున్నాను. పుస్తకం ఇంటికి ఇమ్మనాలంటే అక్కడ కూర్చునే ఆయనతో మాట్లాడాలి. అది నావల్ల అయ్యే పని కాదు.

చింపాంజీలను చూడాలంటే ఏం చేయాలో కూడా అందులో ఉంది. మట్టి రంగు బట్టలు కట్టుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. ఒకే చోట రోజుల తరబడి కదలకుండా కూర్చోవాలి. వాటంతట అవి దగ్గరికి వస్తే వస్తాయి, లేకుంటే లేదు. అది చదివిన రోజు బస్సులో నిలబడి వస్తూ కూడా నాకు కాళ్ల నొప్పి తెలియలేదు. పిల్లకు నోట్లో నాలుక లేదని మా వాడలో అందరూ అనేవాళ్లు. నోరు లేకపోవడమే అర్హత అయిన చోటు ప్రపంచంలో ఒకటి ఉందని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

నాన్న పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. అమ్మా నేనూ బీడీలు చుట్టేవాళ్లం. అన్న సిరిసిల్లలో పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఉండి సాంచ నడిపేవాడు. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచ అంటారు. ఒక ఎండాకాలం పొద్దున సాంచ ఆపి, చాయ్ తాగొస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. అడవిలో అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిశాడని తర్వాత తెలిసింది. అలా పోయినవాళ్ల ఇళ్లలో అప్పట్లో ఒకటే జవాబు ఉండేది, భీమండి పోయిండు అని. బొంబాయి పక్కన ఉండే ఆ ఊళ్లో సిరిసిల్ల మగవాళ్లు నిజంగానే ఎంతోమంది మగ్గాల మీద పనిచేసేవాళ్లు కాబట్టి ఆ మాట అతికేది. అమ్మ కూడా అదే చెప్పేది. అడిగినవాళ్లు తల ఊపి వేరే మాట ఎత్తుకునేవాళ్లు.

ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయింది. మధ్యాహ్నాలు అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, నేను కత్తెరతో తునికాకు కత్తిరిస్తూ డైరీలోంచి చదివి వినిపించేదాన్ని. అమ్మ ఒక్కదాని ముందే నాకు గొంతు వచ్చేది.

"కోతులను సూసుటానికి గంత దూరం పోవాల్నా?" అంది మొదటిసారి. "కొండగట్టు పో. నీ చేతులున్న కొబ్బరిచిప్ప గూడ గుంజుకపోతయి."

"గవి కోతులు కావమ్మా. వాటికి తోకలుండయి."

"తోకల్లేని కోతులు మన వాడల తక్కువున్నయా?"

చెదలు తినడం గురించి చదివితే, "మనం ఉసిళ్లు పట్టి ఏంచుక తినమా? గండ్ల ఏమున్నది ఇంత, పుస్తకం రాసేటంత," అంది. నేను నవ్వి ముందుకు చదివాను. పొద్దుగూకే వేళకు చింపాంజీ చెట్టెక్కి కొమ్మలు వంచి, వాటి మీద ఆకులు పరుచుకుని పడుకుంటుంది. మరునాడు ఇంకో చెట్టు, ఇంకో పక్క. 

అమ్మ చేతులు ఆగాయి. "దినాం కొత్త పక్కనా?"

"ఆ. నిన్న పండిన దాంట్ల మళ్ల పండయట."

"వానొస్తెనో?"

"తడుస్తయి. మోకాళ్ల మీద తల వెట్టుకొని, వాన ఆగేదాక గట్లనే కూసుంటయట."

అమ్మ ఆకు అందుకుంది. తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి చాటలో వేసింది. మరునాడు తనే అడిగింది, "గా వాన సంగతి మళ్లొకసారి సదువు," అని. ఆ తర్వాత చెదపుట్టలు, గడ్డిపుల్లలు ఆమెకు అక్కర్లేకపోయాయి. ఎక్కడ పడుకుంటాయి, పండ్లు అయిపోయిన నెలల్లో ఏం తింటాయి, ఒకదానికి జ్వరమొస్తే మిగతావి ఆగుతాయా, వదిలేసి పోతాయా, ఇవే. పుస్తకంలో లేని వాటికి నేను ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. ఎవరి గురించి వింటున్నావమ్మా అని అడగలేదు.

అమ్మ తమ్ముడు, మా మామ, మస్కట్‌లో ఒక ఇంట్లో కారు నడిపేవాడు. అమ్మకు చదువు రాదు, మామకు రాయడం బద్ధకం. కోరుట్లలో గల్ఫ్ పోయినవాళ్ల ఇళ్లన్నిటిలాగే మాకూ ఉత్తరాల బదులు టేపులు నడిచేవి. ఎవరో ఒకరు సెలవు మీద వస్తూ మామ టేపు తెచ్చేవారు. రెండో వైపు మేం మాట్లాడి, వెళ్లేవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లం. టేపులో మాట్లాడటానికి ఒక వరస ఉంది. ముందు ఇక్కడ అందరం మంచిగున్నామనాలి. తర్వాత వానలు, బర్రెలు, పెళ్లిళ్లు, చావులు. అసలు సంగతి అన్నిటికన్నా చివర. నా వంతు వస్తే, "మామా, మంచిగున్నవా," అని వంటింట్లోకి పారిపోయేదాన్ని. "మా కోడలు మాట్లాడేదాక టేపు ఉత్తగనే తిరుగుతది," అని మామ తర్వాతి టేపులో నవ్వేవాడు. "బ్యాటరీలు నేను ఈడికెల్లి పంపాల్నా ఏంది?"

ఆ ఏడు మామ సెలవు మీద వచ్చినప్పుడు ఒక మాట తెచ్చాడు. ఆయన పనిచేసే ఇంట్లో ముసలమ్మ ఉంది. ఆమె పుట్టింది ఆఫ్రికా ఒడ్డున ఉన్న జాంజిబార్ దీవిలో. ఇప్పటికీ ఏడాదిలో కొన్ని నెలలు అక్కడికి పోయి తమ్ముళ్ల దగ్గర ఉంటుంది. తోడుండటానికి నెమ్మదస్తురాలైన పిల్ల కావాలట.

"ఎక్కువ మాట్లాడేటోల్లు ఆమెకు నచ్చరక్కా. నాకు ఎంటనే మన కోడలు యాదికొచ్చింది," అన్నాడు మామ.

"దీనికి ముందే కోతుల పిచ్చి," అంది అమ్మ.

మామకు సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తొడ మీద చరుచుకున్నాడు. "చింపాంజీలా? ముసలమ్మ సోక్వే అంటది వాటిని. దీవి నుంచి ఒడ్డుకు పోతే, ఆడికెల్లి రైలు ఉంటదట, దేశం ఈ మూల నుంచి ఆ మూలకు. రైలు ఆగినకాడ పెద్ద సరస్సు, దాని పొంటి గా అడవి." ఆ రోజు నుంచి నన్ను సోక్వే అనే పిలిచాడు. "ఏం సోక్వే, లేసినవా? ఏం సోక్వే, చాయ్ పోస్తవా?"

నేను డైరీలో దారి రాసుకున్నాను. కోరుట్ల నుంచి జగిత్యాల, హైదరాబాద్, బొంబాయి, మస్కట్, జాంజిబార్, పడవలో ఒడ్డు, రైల్లో సరస్సు, మళ్లీ పడవ. పనిమనిషిగా పోతున్నానని తెలుసు. ఒక ఏడాది నమ్మకంగా చేస్తే రెండో ఏడాది సెలవు అడగొచ్చని లెక్క వేసుకున్నాను. అడగడానికి నోరు ఎలా వస్తుందనేది ఒక్కటే అందులో రాయలేదు. సిరిసిల్ల పెద్దమ్మ మట్టి రంగు గుడ్డ పంపించింది. "పిల్లకు గిదేం రంగు, సన్నాసుల్ల గలుస్తదా?" అని కబురు కూడా పంపింది. దానితో రెండు జాకెట్లు, ఒక లంగా కుట్టుకున్నాను. మధ్యాహ్నాలు పెరట్లో గోడవారన కదలకుండా కూర్చోవడం సాధన చేశాను. ఉడుతలు నా కాళ్ల పక్క నుంచే పోయేవి.

అమ్మ ఎదురు చెబుతుందనుకున్నాను. ఆమె మామతో, "పోనీ. ఒక్కతన్న ఈడికెల్లి బయటపడనీ," అంది.

మిగిలింది పాస్‌పోర్టు. మామ కాగితాలు నింపి పంపాడు. కొన్నాళ్లకు విచారణకు కానిస్టేబుల్ వచ్చాడు. ఈ ప్రాంతం మనిషే. అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ అడిగాడు.

"ఇంట్ల ఎంతమందే అవ్వా?"

"నేను, బిడ్డ."

"కొడుకో?"

"భీమండి పోయిండు."

"మా తాలూకా కొడుకులందరు భీమండిలనే ఉన్నరు," అన్నాడు ఆయన. "గా ఊరు నిండి, పొంగి, సముద్రంల పడ్తున్నదట." చాయ్ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "నేను రాసేది నేను రాస్త బిడ్డా. ఆడ సారు చెయ్యి గావాలె."

వారంలో మమ్మల్ని జగిత్యాల ఠాణాకు పిలిచారు. ఎస్సై మా వైపు మనిషి కాదు. కుర్చీలు వేయించి మర్యాదగానే మాట్లాడాడు.

"పాపకి పాస్‌పోర్టు రావాలంటే నేను మంచిగా రాయాలమ్మా. రాస్తాను. మీరు మాకొక చిన్న పని చేసిపెట్టండి. మీ అబ్బాయికి నాలుగు మాటలు ఈ టేపులో చెప్పండి. ఇంటికి వచ్చేయమనండి. అది అతనికి చేరే దారి మేం చూసుకుంటాం. వస్తే ఏమీ చేయం, నా మాట."

అమ్మ నా ముఖం చూసింది. నేను నేల చూశాను. రమ్మంటే నాకు పాస్‌పోర్టు వస్తుంది. ఏమీ చేయమన్న ఎస్సై మాట మీద అమ్మకు నమ్మకం లేదని నాకు తెలుసు. రమ్మంటే వచ్చి, ఊరి పొలిమేర దాకా కూడా చేరని కొడుకుల గురించి ఆమె విని ఉంది. కానీ టేపు రికార్డర్‌ను ఆమె ముందుకు జరిపారు. కానిస్టేబుల్ రెండు బటన్లూ కలిపి నొక్కాడు. అన్న పోయినప్పటి నుంచి వాడితో మాట్లాడమని ఆమెను ఎవరూ అడగలేదు. అమ్మ ముందుకు వంగి, మస్కట్‌కు మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"కొడుకా, నేను అమ్మను. ఈడ మేమందరం మంచిగున్నం. నువ్వు మంచిగున్నవనుకుంటున్న. వానలు ఈసారి జల్ది వడ్డయి. పక్కింటోల్ల బర్రె ఈనింది, ఆడ దుడ్డె. సిర్సిల్ల పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. నీ సాంచ ఇప్పుడు ఇంకొకడు నడుపుతున్నడు, ఉత్తగనే పోగులు తెంపుతడట, పెద్దమ్మ నిన్నే యాది జేస్తది. మామ అచ్చిండు. చెల్లె ఆయనెంబడి పోతది."

ఎస్సై ఓపిగ్గా వింటున్నాడు. అసలు సంగతి చివర్లో వస్తుందని ఆయనా అనుకున్నట్టుంది.

"వానకు కింద పండకు కొడుకా. చెట్టెక్కు. కొమ్మలు వంచి, ఆకులేసుకొని పండు. ఇయ్యాల పండిన కాడ రేపు పండకు. జరమొస్తె ఎవలన్న నీ పక్కన కూసుంటరా? పండ్లు అయిపోతే లేతాకులు తిను, గవి ఏం జెయ్యయి."

ఎస్సై చెయ్యి ఎత్తాడు. కానిస్టేబుల్ టేపు ఆపాడు.

"ఇవాళ పడుకున్న చోట రేపు పడుకోవద్దని ఎవరు నేర్పారమ్మా మీకు?"

అమ్మ గడ్డంతో నన్ను చూపించింది.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. "చింపాంజీలు సార్," అన్నాను.

"ఏంటి?"

"చింపాంజీలు అట్ల పండుకుంటయి సార్. పుస్తకంల ఉన్నది."

కానిస్టేబుల్ గోడకేసి చూశాడు. ఎస్సై, "మళ్లీ పెట్టు," అన్నాడు. "అమ్మా, ఒక్క మాట. ఇంటికి రా నాయనా అనండి. అంతే. పాప ప్రయాణం ఆగదు."

టేపు తిరుగుతోంది. అమ్మ పెదాలు కదిలాయి. నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత, "జాగ్రత కొడుకా," అని, ఇంట్లో చేసినట్టే తనే వేలితో బటన్ నొక్కి ఆపేసింది.

ఎస్సై కోప్పడలేదు. టేపు తీసి సొరుగులో వేసి, వెళ్లొచ్చన్నాడు.

కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమ్మ అడిగింది, "గది వానికి చేరుతదా?"

"పంపరమ్మా."

"ఎందుకు పంపరు? మంచిగనే మాట్లాడిన గద."

మామ సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు రాలేదు. రాదని కాగితం కూడా రాలేదు. కొంతకాలం పోస్టాయన సైకిల్ గంట వినిపిస్తే లేచి నిలబడేదాన్ని, తర్వాత అదీ మానేశాను. మట్టి రంగు బట్టలు బీడీల పనికి కట్టుకుంటున్నాను. తంబాకు మరకలు కనపడవు. అన్న సంగతి ఏదీ తెలియదు. పేపర్లో ఎదురుకాల్పుల వార్త వచ్చిన రోజు అమ్మ నా చేత అన్ని పేర్లూ చదివిస్తుంది. చింపాంజీల గురించి చదవమనడం లేదు. నేనూ డైరీలో ఆ పేజీల వైపు తిప్పడం లేదు.

వానాకాలం నడుమ మామ టేపు వచ్చింది. అందరం మంచిగున్నాం, ఎండలు బాగా ఉన్నాయి, ఇలా అన్నీ అయ్యాక చివర్లో చెప్పాడు. "ముసలమ్మ ఇంక ఆగనన్నది కోడలా. కేరళ పిల్లను వెట్టుకున్నరు. పోయిన వారమే దీవికి పోయిండ్రు. నీ కాగితం ఏమన్న వస్తె చెప్పు, ఇంకో ఇల్లు సూద్దాం."

జవాబు నింపే రోజు అమ్మ తన మాటలు తొందరగా ముగించి రికార్డర్ నా ముందు పెట్టింది. ఈసారి నేను వంటింట్లోకి పోలేదు.

"మామా, మంచిగున్నవా. కాగితం రాలే. ఇంక రాదు. నాకోసం ఇల్లు సూడకు," అన్నాను.

ఇంకా ఏదో చెప్పాలనిపించి టేపు ఆపలేదు. ఏమీ రాలేదు. పైన రేకుల మీద వాన మొదలైంది. అమ్మ కూడా ఆపమనలేదు, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆ వైపు అయిపోయి బటన్ టక్కున పైకి లేచేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తర్వాతి టేపులో అన్నిటికన్నా ముందు మామ అదే అడిగాడు. "ఆఖర్ల గా చప్పుడేందక్కా? మిషిన్ ఖరాబైందా? అచ్చేటప్పుడు కొత్తది పట్టుకొస్త."