సంగమేశ్వర్ గారింటి డొమైన్

2004 నాటికే పటాన్‌చెరు బస్టాండు దగ్గర నాకు చిన్న కంప్యూటర్ సర్వీసు దుకాణం ఉంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం, పాడైతే బాగుచేయడం నా పని. ఇంట్లో ఒక్క కంప్యూటరుంటేనే గొప్పగా చెప్పుకునే రోజులవి. అందుకే సంగమేశ్వర్ గారని ఒకాయన దుకాణానికి వచ్చి, "మా ఇంట్ల డొమైన్ పెట్టిన బిడ్డా, జెర వచ్చి సూస్తవా?" అన్నప్పుడు సరిగా విన్నానో లేదోనని మళ్లీ అడిగాను.

డొమైన్ అంటే ఒక సర్వర్ చెప్పినట్టు మిగతా కంప్యూటర్లన్నీ నడుచుకునే ఏర్పాటు. ఎవరిని లోపలికి రానివ్వాలో ఆ సర్వరే నిర్ణయిస్తుంది. ఆఫీసుల్లో ఉంటుంది గానీ ఇళ్లలో ఎవరికీ దాని అవసరం ఉండదు.

ఆయనకు అవసరం పడింది. ఆయనది జిన్నారం వైపు రైతు కుటుంబం. పొలం మందుల ఫ్యాక్టరీ కిందికి పోతే, బదులుగా ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం ఇచ్చారు. మీటర్లు, గేజీలు సరిచూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ సెక్షన్‌లో చేరి, పని నేర్చుకుని, సూపర్‌వైజర్ దాకా వచ్చారు. నలభై దాటాక ఫ్యాక్టరీ మూతపడింది. నెట్‌వర్కింగ్ పరీక్ష పాసైతే కంపెనీలే పిలిచి ఉద్యోగం ఇస్తాయని సంగారెడ్డిలో ఎవరో కోచింగ్ సెంటర్ వాళ్లు చెప్పారట. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటర్లు తెచ్చి, ఇంటి హాల్లోనే సాధన మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి హాలంతా వైర్లు. ఆయన భార్య అనసూయ గారు వాటిని దాటుకుంటూ వచ్చి నీళ్లిచ్చారు.

"పొద్దుగాల మంచిగనే నడుస్తదమ్మా, పగటికి నడువది. అది నడువకుంటే ఈయన బువ్వ తినడు," అన్నారు.

లోపం కాసేపట్లోనే తెలిసింది. నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటరుకూ ఒక అడ్రసు ఉండాలి. వాటిని పంచిపెట్టే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. ఫలానా పేరుగల కంప్యూటరు ఏ అడ్రసులో ఉందో చెప్పేది డీఎన్‌ఎస్. సంగమేశ్వర్ గారు ఈ రెండు పనులూ సర్వర్‌కే అప్పగించారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఇంటర్నెట్ కోసం పెట్టిన రూటర్ కూడా తనంతట తాను అడ్రసులు పంచుతోంది. పైగా పేర్లు అడగాల్సింది ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌ను అని చెబుతోంది. ఆ సర్వర్‌కు ఈ ఇంటి డొమైన్ సంగతి ఏం తెలుస్తుంది? సర్వర్ ముందు పలికితే అన్నీ నడుస్తాయి, రూటర్ ముందు పలికితే ఆగిపోతాయి.

"సర్వర్ ఖరాబైందా బిడ్డా?"

"లేదంకుల్. మీ ఇంట్లో అడ్రసులు పంచేవాళ్లు ఇద్దరయ్యారు. ఒకరిని ఆపాలి."

రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపించాను. అడ్రసుతో పాటు, పేర్లకు సర్వర్‌నే అడగాలన్న మాట కూడా మిగతా కంప్యూటర్లకు అందేలా సర్వర్‌లో పెట్టించాను. బయటి పేర్లు అడిగితే మాత్రం సర్వరే ఇంటర్నెట్ కంపెనీ దగ్గర కనుక్కుని చెప్పాలి. కీబోర్డు మీద చేతులు ఆయనవే, నేను పక్కన కూర్చున్నానంతే. కంప్యూటర్లన్నిటికీ కొత్తగా అడ్రసులు ఇప్పించాక, ఒక కంప్యూటరు పేరు కొట్టి చూడమన్నాను. ఆయన 'పెద్దచెలక' అని కొట్టారు. అడ్రసుతో సహా జవాబు వచ్చింది.

"అదేం పేరు?"

"మా భూమి పేరు. ఫ్యాక్టరీ కట్టింది దాని మీదనే." ఒక్కో కంప్యూటరుకు ఒక్కో పొలం పేరు పెట్టుకున్నారు. మిగతా పేర్లూ ఒక్కొక్కటే కొట్టి, తెర మీద వచ్చిన జవాబులను చదువుకున్నారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అనసూయ గారు కళ్లొత్తుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఏడే పరీక్ష పాసయ్యారు. కంపెనీలు పిలవలేదు. ఆయనే తిరిగారు. ఎక్కడికెళ్లినా సర్టిఫికెట్ తిప్పి చూసి, వయసు అడిగి, కబురు చేస్తామనేవారు. చివరికి ముత్తంగి దగ్గర ఒక గోదాము మేనేజరుకు నేనే ఆయన గురించి చెప్పాను. వాళ్లకు సిస్టమ్స్ చూసుకునే మనిషి కావాలి. ఇంటర్వ్యూ అయ్యాక మేనేజర్ ఫోన్ చేశాడు.

"అడిగినవన్నీ చెప్పారు మేడం. కానీ నాకంటే పెద్దాయన. ఆయనకు పని ఎలా చెప్పమంటారు? కుర్రాళ్లయితే నాకు నయం. గేటు దగ్గర సెక్యూరిటీ ఖాళీ ఉందన్నాను, ఒప్పుకున్నారు."

ఫోన్ పెట్టేశాను.

మరుసటి ఏడు ఆ గోదాములో కొత్త షెడ్డుకు నెట్‌వర్క్ పెట్టే పని నాకే వచ్చింది. నీలం యూనిఫాంలో గేటు తీసింది సంగమేశ్వర్ గారే. బాగా చిక్కిపోయారు.

"లోపలికి రండంకుల్. సర్వర్ చూద్దురు గానీ. మేనేజర్‌తో నేను చెబుతాను."

"వద్దు బిడ్డా. గేటిడిసిపెట్టి నేను రావద్దు."

"ఇంట్లో కంప్యూటర్లు నడుస్తున్నాయా?"

"పాత సామానోనికి ఇచ్చేసిన. ఇంట్ల ఉంటె అటే పాణం గుంజుతుండె. నన్ను సూసి అనసూయ ఒక్కటే ఏడుపు. ఇగ ఏం జేస్తం?"

వెనక లారీ హారన్ కొట్టింది. ఆయన పరుగున వెళ్లి గేటు రెండో తలుపు తీశారు.

కొత్త షెడ్డులో నేను పెట్టింది ఆయన ఇంట్లో పెట్టించినటువంటిదే. మొదటిసారికే నడిచింది. సాయంత్రం బయటికి వస్తుంటే ఆయన నా సంచీ తెరిపించి చూశారు, అది అక్కడి రూలు. చూస్తున్నంతసేపూ తల ఎత్తలేదు.

"నడిచిందా?" అన్నారు.

"నడిచిందంకుల్."

"మంచిగైంది," అని గేటు వేశారు.

ఆయనింటి పని నాకొక అలవాటు నేర్పింది. నెట్‌వర్క్ ఆగిందని పిలిస్తే సర్వర్ జోలికి పోకుండా ముందు అడ్రసు ఎవరిచ్చారో చూస్తాను. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. ఆయన బతుకు ఇంకొకటి నేర్పింది. ఫ్యాక్టరీలు మూతపడ్డవాళ్లు ఇప్పటికీ దుకాణానికి వస్తుంటారు. "ఇది నేర్చుకుంటే నౌకరీ దొరుకుతదా మేడం?" అని అడుగుతారు. నాకు వచ్చినదంతా నేర్పుతానని చెబుతాను. దొరుకుతుందని మాత్రం చెప్పలేను.