చేతివాటానికి సారు చెప్పిన అర్థం

మా తెలుగు సారు పోయారని మొన్న పొద్దున నారాయణఖేడ్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. "సారు పోయిండు బిడ్డా, జల్దీ రా" అంది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆయన విప్పి చెప్పిన ఒక మాటే మనసులో తిరిగింది: చేతివాటం.

కందికోతకు పోయిన ఆడవాళ్లు సాయంత్రం కొంగులో ఇన్ని కాయలు తెచ్చుకోవడం మా వైపు ఆనవాయితీ. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. నా చిన్నప్పుడు మనూరు దారిలో కొత్తగా చేను కొన్న పట్నం ఆసామికి అది తెలియదు. గట్టు మీద అమ్మ కొంగు దులిపించి, "ఈమెకు చేతివాటం ఉంది, రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

మర్నాటికి ఆ మాట బడికి చేరింది.

"ఏమే, మీ అమ్మకు చేతివాటమట గదా! నా పెన్సిల్ పైలం" అని వెనక బెంచీ పిల్ల నవ్వింది. ఇక బడికి రాకూడదని సంచి సర్దుకున్నాను.

సారు గుమ్మంలోనే విన్నారు. ఎప్పుడూ చెవి మీదుండే సుద్దముక్క తీసి, బోర్డు మీద ఆ మాటే రాశారు. నాకు చచ్చిపోవాలనిపించింది.

"కొడవలి ఎవలి చేతికి ఎట్ల ఒదిగితే అది వాళ్ల వాటం. పని తెలిసిన చేతికే అది ఉంటది. దొంగతనమనే అర్థం తర్వాత అంటుకున్నది. ఎవలు అంటించిన్రో ఆలోచన చెయ్యున్రి." నా వైపు తిరిగి, "సంచి కింద పెట్టు బిడ్డా. మాటను ఊకె మింగొద్దు, నమిలి చూడాలె" అన్నారు.

ఆ వారమే అమ్మను తమ చేనికి కోతకు పిలిచారు. సాయంత్రం అందరి ముందూ "అక్కా, కొంగు పట్టు" అని తనే కాయలు పోశారు. అయినా అమ్మ వాటిని మడతలో దాచుకునే ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ అంతే.

యూనివర్సిటీలో నిఘంటువులు తిరగేశాను. నేర్పు అనీ ఉంది, చిల్లర దొంగతనం అనీ ఉంది. ఏది ముందో నాకు తేలలేదు. సారు చెప్పింది నిజమా, నాకోసం అల్లిందా? అడిగితే, "నువ్వే వెతుకు, దొరికితే నాక్కూడ చెప్పు" అని నవ్వారు. ఇంకా దొరకలేదు. ఆ రోజు సంచి కింద పెట్టకపోతే మాత్రం వెతికేదాన్నే కాదు.

సారును ఆయన చేను మూలనే మట్టి చేశారు. తిరిగొస్తుంటే అమ్మ కందిసాళ్ల మధ్య ఆగింది. "తెంపుకో అత్తమ్మా, నాయినుంటే గదే అంటుండె" అన్నాడు సారు కొడుకు.

అమ్మ నాలుగు కాయలు తెంపి కొంగులో వేసుకుంది. ఈసారి మడవలేదు. రెండు చేతులా విప్పి పట్టుకుని, రోడ్డు పొడవునా నా ముందు నడిచింది.