ఈయపు గుండు మీద ప్రార్థన నూనె

నా చిన్నప్పుడు మా ఇంటికి కొత్తది ఏది వచ్చినా ముందు దానికి నూనె రాయాల్సిందే. కొత్త వలైనా, కుట్టుమిషనైనా, పరీక్షకి వెళ్ళే పిల్ల చేతిలో పెన్నైనా సరే, మా అమ్మమ్మ ప్రార్థన చేయించి ఉంచిన కొబ్బరినూనె సీసా తెచ్చి, బొటనవేలితో సిలువ గుర్తు వేసి, కళ్ళు మూసుకుని రెండు మాటలు దేవుడికి చెప్పుకున్నాకే దాన్ని వాడాలి. పెదపాడు దగ్గర మా ఊళ్ళో చాలా ఇళ్ళలో ఇదే అలవాటు. నాకు ఉబ్బసం ముంచుకొచ్చినప్పుడు అమ్మమ్మ నా గుండెల మీద రాసింది కూడా ఆ నూనే. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. ఎన్ని సాయంత్రాలు దాని చల్లదనంలో ఊపిరి కుదుటపడి నిద్రపోయానో నాకూ దేవుడికీ తెలుసు.

ఆ ఉబ్బసం వల్లే నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు అమ్మమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్పింది. లెక్కలు మా మావయ్య నేర్పాడు. అమ్మకి తమ్ముడు. తాడేపల్లిగూడెంలో పాలిటెక్నిక్ చదువు సగంలో ఆపేసి వచ్చి, చేపల చెరువుల గట్ల మీద మోటార్లు బాగుచేస్తూ తిరిగేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. మా వైపు కొల్లేరు దాకా ఎటు చూసినా చెరువులే కాబట్టి పనికి లోటుండేది కాదు. కానీ మావయ్య మనసు మోటార్లు బాగుచేయడంలో లేదు, కొత్తవి తయారుచేయడంలో ఉంది.

ఆ ఏడాది తాడేపల్లిగూడెంలో ఒక వర్క్‌షాపు పెట్టారు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు అక్కడ తయారవుతాయి. మావయ్య వెళ్ళి పని అడిగితే, దాని యజమాని, చదువు పూర్తి చేసిన కాగితం ఏదీ అన్నాడట. లేదండీ అంటే కాసేపు ఆలోచించి, ఏలూరు కాలేజీ కుర్రాళ్ళు భీమడోలు దగ్గర ఒక చెరువులో బొమ్మ పడవల పోటీ పెడుతున్నారనీ, గెలుపోటములు చెప్పే పెద్దమనిషిగా తనే వస్తున్నాననీ చెప్పాడట. "నువ్వూ ఒకటి చేసుకుని రా. కాగితం లేకపోతే పోయె, నీ చెయ్యి చూస్తాను," అన్నాడట. మావయ్య ఇంటికొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తే.

రెండు నెలలు మా వసారా అంతా థర్మోకోల్ పొట్టు. చేపలు ప్యాకింగు చేసే పెట్టెల ముక్కలు కోసి, పైన పల్చటి చెక్క అతికించి, బొమ్మ కారులోంచి తీసిన రిమోటు అమర్చి, మూరెడు పడవ ఒకటి తయారుచేశాడు. మామూలు పడవలా ఉండేది కాదు అది. బల్లపరుపుగా, ముందు రెండు పక్కలా రెండు పాదాలతో, వంగి దూకబోయే కప్పలా ఉండేది. "ఈదేది కాదే అమ్మడూ ఇది. వేగం అందుకుందంటే ఈ రెండు పాదాలూ, వెనకాల ఫ్యానూ తప్ప ఏదీ నీళ్ళకి తగలదు. మిగతాదంతా గాల్లోనే," అనేవాడు.

గాల్లో ఉండేదాన్ని తిన్నగా నడపడమే కష్టం. ముక్కు తేలికైతే గాలి లేపి వెల్లకిలా తిప్పేస్తుంది. బరువైతే నీళ్ళలోకి పొడుచుకుపోతుంది. ఫ్యాను ఒక వైపు తిరుగుతుంటే పడవ ఎడమ పక్కకి ఒరిగిపోయేది. దానికి మావయ్య వల మునగడానికి బరువుగా కట్టే ఈయపు గుండు ఒకటి తెచ్చి, కుడి అంచు మీద నల్ల టేపుతో అంటించాడు. రోజూ పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి, గుండుని గోరంత జరపడం, పడవని వదలడం, తిరిగి తెచ్చి తుడిచి మళ్ళీ జరపడం. గాలిని బట్టి దాని చోటు మారుతుంది కాబట్టి జిగురుతో శాశ్వతంగా అతికించకూడదన్నాడు. ప్రతిసారీ పడవని రెండు చూపుడు వేళ్ళ మీద నిలబెట్టి చూడాలి. ఆ పని నాది. నా చేతులు వణకవని ఆయన నమ్మకం. దూరం పెరిగితే చిన్న బరువు కూడా పెద్ద బరువుని ఎలా ఎత్తుతుందో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, ఆ పడవే చెప్పింది. అన్ని లెక్కలు అంత ఓపికగా నేర్పినవాణ్ణి ఇచ్చినందుకు దేవుడికి నేను ఇప్పటికీ స్తోత్రం చెల్లిస్తాను.

పోటీ ముందురోజు సాయంత్రం అమ్మమ్మ నూనె సీసాతో వసారాలోకి వచ్చింది. మావయ్య పడవని చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"దీనికి నూనె పడదే అమ్మా."

"దేవుడి నూనె పడని వస్తువేంట్రా? పైనున్నాయన కంటే గొప్పదా నీ చెక్క ముక్క?"

"ఆయన కంటే గొప్పదని ఎవరన్నారే? వద్దులే, వదిలెయ్," అని నవ్వేశాడు. కారణం చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతేగా అనుకున్నాడో, ఆమెతో వాదన ఎందుకనుకున్నాడో. అమ్మమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పొగరు తలకెక్కింది వీడికి," అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను పట్టుకుంది. నాకు పదకొండేళ్ళు. పొగరుబోతుల్ని దేవుడు పడగొడతాడని చదువుకున్న పిల్లని. మావయ్య పడిపోకూడదు, ఆయనకి ఆ పని దొరకాలి, నాకు అంతే కావాలి. తెల్లారి మావయ్య నూతి దగ్గర స్నానం చేస్తుండగా సీసా తెచ్చాను. పడవ ముక్కు మీద ఒక సిలువ, రెండు పాదాల మీద రెండు. ఇక ఈయపు గుండు మీద, దాని టేపు మీద, మిగతా చోట్ల కంటే ఎక్కువే రాశాను. మావయ్య కష్టమంతా అక్కడే ఉందని నాకు తెలుసు కదా. తర్వాత వేళ్ళ మీద నిలబెట్టి చూశాను. దారం పట్టినట్టు తిన్నగా నిలిచింది. దేవుడు ఒప్పుకున్నాడని పొంగిపోయాను.

ఆ రోజు నాకు ఆయాసం లేదని నన్నూ బస్సులో తీసుకెళ్ళాడు. చెరువు గట్టు మీద కాలేజీ కుర్రాళ్ళు, వాళ్ళు కొనుక్కొచ్చిన పడవలు తళతళలాడుతూ. ఒకడు మా పడవని చూసి, "ఇదేం పడవండీ బాబూ, ఇడ్లీ రేకులా ఉంది!" అన్నాడు. "ఆయ్, వాయి దిగాక చూద్దురు గానీ," అన్నాడు మావయ్య. గట్టంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. వర్క్‌షాపు యజమాని కుర్చీలో ముందుకి వంగి కూర్చున్నాడు.

నీళ్ళలో వదలబోయే ముందు మావయ్య నన్ను అడిగాడు. "వేళ్ళ మీద చూశావా అమ్మడూ?"

"చూశాను మావయ్యా. తిన్నగా ఉంది."

"నువ్వు చూస్తే నేను చూసినట్టే," అన్నాడు. ఇక తను చూడలేదు.

మూడు చుట్లు తిరగాలి. మొదటి చుట్టు మా పడవ నీళ్ళని తాకుతోందా లేదా అన్నట్టు వెళ్ళింది. అందరి కంటే ముందుంది. యజమాని లేచి నిలబడి, "అబ్బో!" అనడం నేను విన్నాను. రెండో చుట్టులో వెదురు గెడ దగ్గర మలుపు తిరుగుతుండగా కుడి అంచు నుంచి నల్లగా ఏదో జారి నీళ్ళలో పడింది. పడవ ఒక్కసారిగా ఎడమకి ఒరిగి, పల్టీ కొట్టి, వెల్లకిలా తేలింది. మోటారు నోట్లోకి నీళ్ళు పోయినట్టు గరగరమని ఆగిపోయింది.

దోనెలో ఒకాయన వెళ్ళి తెచ్చి ఇచ్చాడు. టేపు జిగురు ఊడి ఒక కొసన వేలాడుతోంది. మావయ్య గుండు ఉండాల్సిన చోట వేలితో రాసి, ఆ వేలు వాసన చూశాడు. నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. ఆ తర్వాత తల దువ్వుకుంటున్నవాడిలా ఆ వేలిని తన జుట్టుకి తుడిచేసుకున్నాడు.

"ఏం జరిగిందయ్యా?" అన్నాడు యజమాని.

"టేపు నేనే సరిగ్గా చుట్టలేదండి. నాదేనండి పొరపాటు."

"చెరువులో కరెంటు పెట్టేచోట ఇలా చుడితే మనుషులు పోతారయ్యా," అన్నాడాయన. కోపంగా కాదు, అయ్యో అన్నట్టు అన్నాడు. తర్వాత తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. అంతే. ఆ పని ఆ మాటతో పోయింది.

తిరుగు బస్సులో మావయ్య తడి పడవని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా ఊరి మలుపు వచ్చాక, "అమ్మమ్మకి చెప్పకు. నూనె మీద బెంగ పెట్టుకుంటుంది," అన్నాడు. నేను తలూపాను. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఆ ఆదివారం ఆరాధనలో అమ్మమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. దేవుడి నూనె వద్దన్న తన కొడుకు పొగరుని ప్రభువు ఎలా అణిచాడో కన్నీళ్ళతో చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. పక్కనే కూర్చున్న నేనూ అన్నాను. వెనక వరసలో మావయ్య తల దించుకుని ఉన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, ప్రార్థనా కూటాల్లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో. పొగరుకి గుర్తుగా ఊళ్ళో మా మావయ్య పేరే మిగిలింది. మళ్ళీ ఆయన పడవ చేయలేదు. నాలుగైదేళ్ళకి ప్రభుత్వం వాళ్ళు కొల్లేటిలో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మోటార్ల పనీ సన్నగిల్లింది. అమ్మమ్మ తన సాక్ష్యాన్ని నమ్ముకునే కన్నుమూసింది.

అమ్మమ్మ పోయిన మరుసటేడు మావయ్య ఉంగుటూరు రోడ్డున తోలుకోవడానికి ఒక పాత ఆటో కొని, నూనె రాయమని మా ఇంటి ముందు ఆపాడు. సీసా ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మూత తీసిన చెయ్యి ముందుకి సాగలేదు.

"బ్రేకులకి తప్ప ఎక్కడైనా రాయమ్మా," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అన్నేళ్ళలో మొదటిసారి ఆ పోటీ మాట ఎత్తాను. క్షమించు మావయ్యా, నామీద కోపం రాలేదా అని అడిగాను. రాలేదంటాడనుకున్నాను.

"వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంటది," అన్నాడు. "నూనె రాసినందుక్కాదు. చిన్నపిల్లవి, ప్రేమతో రాశావు. బెంగ పెట్టుకుంటుందని అమ్మకి చెప్పొద్దన్నాను. అంతేగానీ, నా పొగరు కథ ఊరంతా చెబుతుంటే స్తోత్రం అనమన్నానా?"

ఆయన తల వంచి ప్రార్థన కోసం నిలబడ్డాడు. నేను హ్యాండిలు మీద సిలువ గుర్తు వేశాను, ప్రార్థన చేశాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఇప్పుడు ఆదివారపు బడి పిల్లలు పెన్నులు, సైకిళ్ళు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. నూనె రాస్తాను. ఎక్కడ రాయకూడదో ముందు వాళ్ళనే అడుగుతాను. మావయ్యని ఇచ్చినందుకు దేవుడికి ఇంకా రోజూ కృతజ్ఞతలు చెల్లిస్తూనే ఉన్నాను. కానీ ప్రార్థన గుడిలో ఎవరైనా లేచి ఫలానావాడి పొగరుని దేవుడు అణిచాడని సాక్ష్యం చెబితే, అందరితో కలిసి స్తోత్రం అనలేను. నా కళ్ళు వెనక వరసని వెతుకుతాయి. అక్కడ తల దించుకుని కూర్చున్నవాడి జుట్టుకి ఎవరి నూనె అంటి ఉందో అనుకుంటాను.